మందార చెట్టుకు కాపలా

నా చిన్నప్పుడు నన్ను ఒక తేనెపిట్ట ఏడిపించినంతగా ఏ మనిషీ ఏడిపించలేదు. చూస్తే బొటనవేలంత ఉంటుంది. దాని మీద నాకు ఇంకా కోపం పోలేదంటే ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళెవరూ పొద్దున్నే లేచి మందార చెట్టు కింద కాపలా కూర్చోలేదు కదా.

అప్పట్లో మేము నారాయణఖేడ్‌లో బస్టాండు వెనక గల్లీలో ఉండేవాళ్ళం. ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు మా తమ్ముడికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, కంటి మీద కునుకు లేదు. పిల్లవాడు గట్టెక్కితే మా పెరటి చెట్టు ఎర్ర మందారాలతో దండ కట్టి, బోరంచ ఊళ్ళో నల్లపోచమ్మ మెడలో వేస్తానని మా నాయనమ్మ మొక్కుకుంది. వాడు లేచి తిరిగాడు. చెట్టూ విరగబూసింది. ఇక దండ గుచ్చి బస్సెక్కడమే తరువాయి అనుకుంటుండగా ఈ పిట్ట దాపురించింది.

నీడలో ఉన్నప్పుడు ఉత్త నల్లపిట్టే. ఎండ తగిలిందంటే మాత్రం మెడ మీద నీలం, ఊదా రంగులు కలిసి మెరుస్తాయి. సన్నటి ముక్కు, కొసన కొద్దిగా వంపు. ఒక్కచోట నిలబడే అలవాటు లేదు. తోక ఆడిస్తుంది, రెక్కలు విదిలిస్తుంది, అంత చిన్న గొంతుతో వీధంతా వినబడేలా అరుస్తుంది. మందార పువ్వులోకి ముందు నుంచి దూరే ఓపిక దానికి లేదు. తొడిమ దగ్గర ముక్కుతో పొడిచి, అక్కడి నుంచే తేనె లాగేస్తుంది. పైకి పువ్వు నిండుగానే ఉంటుంది, తిప్పి చూస్తేనే బొక్క కనబడుతుంది. మా నాయనమ్మ తిప్పి చూసే మనిషి. పిట్ట మూతి పెట్టింది ఎంగిలి, ఎంగిలి పువ్వు అమ్మవారికి పనికిరాదు. తుమ్మెద వాలిన పువ్వు ఎంగిలి కాదా అని మా తాతయ్య అడిగితే, “తుమ్మెద బొక్క పెడ్తదా?” అని ఆయన నోరు మూయించింది.

కాపలా పని నా మీద పడింది. ఇంట్లో గట్టి గొంతు నాదే మరి. నల్లపిట్ట వాలితే చాలు, కట్టె పట్టుకుని హుష్ హుష్ అంటూ చెట్టు చుట్టూ ఉరికేదాన్ని. అది గోడ మీదికి ఎగిరి నన్నే తిట్టేది. నేను వెనక్కి తిరిగేసరికి మళ్ళీ పైకొమ్మ మీద ఉండేది. ఆకుల సందుల్లో ఇంకో పిట్ట కూడా తిరుగుతుండేది. వీపు మట్టిరంగు, పొట్ట వెలిసిన పసుపు, నోట్లోంచి మాట లేదు. పాపం, పురుగులేరుకునే ఏదో పేద పిట్ట అనుకుని దాని జోలికి పోలేదు.

ఇంత ఉరికినా, నాయనమ్మ వచ్చి తిప్పి చూస్తే పువ్వు పువ్వుకూ బొక్కే. మందార పువ్వు అడుగున చిల్లు పెట్టి తేనె పీల్చడం మా గల్లీ పిల్లలందరికీ అలవాటు. ఆవిడ నా మొహంలోకి చూసింది.

“నువ్వే పీలుస్తున్నవ్. పిట్ట మీద పెడ్తున్నవ్.”

కాదని అరిచాను. అరిచినకొద్దీ నేనేనని ఆవిడకు నమ్మకం గట్టిపడింది.

“నువ్వు బోరంచకు రాకు. ఇంట్లనే ఉండు,” అని లోపలికి పోయింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చోవాలని, గుడి దగ్గర గాజులు కొనిపించుకోవాలని ఎన్నాళ్ళ నుంచో ఆశపడ్డాను. అవి పోయినందుకు ఏడ్చానని అందరూ అనుకున్నారు. నేను ఏడ్చింది చేయని పనికి మాట పడ్డందుకు.

ఇదంతా పక్కింటి అక్క గోడ అవతలి నుంచి వింటూనే ఉంది. వాళ్ళది కిరాణా దుకాణం, ఇంట్లో కన్నడం మాట్లాడతారు. మరునాడు పొద్దున నన్ను పిలిచి, మా మందార చెట్టు కనబడేలా తన అరుగు మీద కూర్చోబెట్టింది. ఇత్తడి గ్లాసులో అంచుదాకా మజ్జిగ పోసి నా రెండు చేతుల్లో పెట్టింది.

“చుక్క ఒలికినా నా వాకిలంత నువ్వే కడగాలె. ఉరకకు, ఒర్రకు. దాసవాళ చెట్టు దిక్కు నోడు,” అంది. మందారను వాళ్ళు దాసవాళ అంటారు, చూడమనడానికి నోడు అంటారు.

నల్లపిట్ట వచ్చి పైకొమ్మ మీద అరుపు మొదలుపెట్టింది. ఉరకమని నా కాళ్ళు లాగాయి. గ్లాసు కదలనివ్వలేదు. అప్పుడు చూశాను. ఆ మాటలేని మట్టిరంగు పిట్ట కింది కొమ్మకు తలకిందులుగా వేలాడి, ఒక పువ్వు తొడిమ పొడిచింది. తీరిగ్గా ఇంకో పువ్వుకు జరిగింది.

“అది వాని పెండ్లాం. వాడు ఒర్రుతుంటే నువ్వు వాని ఎంబడి ఉరుకుతవు. ఆమె తిని పోతది,” అంది అక్క.

నల్లపిట్ట సాధువేమీ కాదు, చివర్లో వాడూ ఒకటి పొడిచాడు. కానీ ఇన్నాళ్ళూ నా కట్టె వాడి మీదికే లేచింది, మెరిసేది వాడు కాబట్టి, అరిచేది వాడు కాబట్టి.

అక్క మా నాయనమ్మను కూడా పిలిచి, ఆవిడ చేతిలోనూ నిండు గ్లాసు పెట్టింది. ఆవిడ గొణుగుతూనే కూర్చుంది. మట్టిరంగు పిట్ట మళ్ళీ వచ్చేదాకా కూర్చుంది. చూసింది. మజ్జిగ తాగి, గ్లాసు కడిగి అక్కకిచ్చి, లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం పాత ధోవతి చింపి, మొగ్గ మొగ్గకూ గుడ్డ కట్టించింది. తెల్లారి పువ్వులన్నీ మచ్చ లేకుండా విచ్చుకున్నాయి. “జల్దీ తానం చెయ్, బస్సు పోతది,” అంది నాతో. అంతే. తప్పు నాది కాదని ఆ నోట రాలేదు. తర్వాత ఆ పెండ్లాం పిట్ట మేము విప్పి పడేసిన గుడ్డల పోగులు లాక్కెళ్ళి, మా చెట్టుకే గూడు కట్టుకుంది. దాని ధైర్యానికి ఏమనాలి?

ఇప్పుడు మా ఇంట్లో ఏది పగిలినా, ఏది కనబడకపోయినా మా పెద్ద మనవరాలి పేరే ముందు వస్తుంది. దానిది నా గొంతే. అందరూ దాని మీద లేస్తుంటే నాకూ కోపం వస్తుంది, అరవాలనిపిస్తుంది. అప్పుడు గ్లాసు నిండా మజ్జిగ పోసుకుని, రెండు చేతులతో పట్టుకుని దాని పక్కన కూర్చుంటాను. “నువ్వు కాకపోవచ్చు బిడ్డా, చూద్దాం ఆగు,” అంటాను. ఆ రోజు నాకు కావలసింది కూడా ఆ ఒక్క మాటే.