గోడ వైపు తెరుచుకునే తలుపు

ఈ ఉదయం కాలనీ బస్సులో నా పక్కన కూర్చున్నామె సంచిలోంచి తడి తునికాకు వాసన వచ్చింది. బీడీలు చుట్టడం మానేసి చాలా కాలమైనా ఆ వాసనకు నా వేళ్లు వాటంతటవే కదిలాయి. రాజవ్వ గుర్తుకొచ్చింది.

షోలాపూర్ పాత పేటలో మాది ఆవిడ పక్క గది. అమ్మ మరమగ్గాల కార్ఖానాకు వెళ్తే నన్ను సాకిందీ, ఆకు కత్తిరించడం నేర్పిందీ రాజవ్వే. గదులన్నీ ఒకే వాకిట్లోకి తెరుచుకునేవి. ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని అక్కడే బీడీలు చుట్టేవారు. ఎవరి కత్తెర చప్పుడు మందగించినా రాజవ్వ తలెత్తకుండానే పసిగట్టేది. నేను పదో తరగతి తప్పిన రోజు గోడ అవతల నుంచే అడిగింది.

"ఏందే, కత్తెర నడుస్తలేదు? ఏడుస్తున్నవా?"

"లేదవ్వా."

"ఏడిస్తె ఏడువు. గని బయటికొచ్చి ఏడువు. లోపల ఒక్కదానివి కూసోకు."

వెళ్లాను. ఎవరూ ఓదార్చలేదు. కాస్త జరిగి చోటిచ్చారు. ఆ రోజుకు నాకది చాలింది.

తర్వాత ఊరి బయట కొత్త కాలనీలో అందరికీ ఇళ్లొచ్చాయి. చిట్టీలు తీసి పంచడంతో మా వాకిలంతా చెల్లాచెదురైంది. నాకో మూల, రాజవ్వకింకో మూల. సొంత నల్లా తిప్పుకుని, ఇంట్లోనే ఉన్న మరుగుదొడ్డి చూసుకుని ఆవిడ మురిసిపోయిన మాట నిజం. కానీ అక్కడ తలుపులన్నీ ఒకే దిక్కు. ఏ గుమ్మంలో నిలబడ్డా ఎదురుగా ముందు వరస ఇళ్ల వెనక గోడే. కొన్నాళ్లు రాజవ్వ సందులో చాప పరుచుకుని కూర్చుంది. బండ్లు హారన్ కొట్టి లేపేవి. చివరికి లోపలే బీడీలు చుట్టుకోసాగింది.

"ఇల్లు ఎట్లుంది అవ్వా?" అని అడిగానొకసారి.

"మంచిగనే ఉంది బిడ్డా. నల్లా ఉంది, సండాస్ ఉంది. తలుపు తీస్తె గోడ. దాంతోని ఏం ముచ్చట పెట్టాలె?" ఇంకో ఆకు కత్తిరిస్తూ అంది: "ఇల్లిచ్చిన్రు గని ఇరుగుపొరుగు ఇయ్యలే."

ఆ ఎండాకాలం ఒక ఆదివారం కూర పట్టుకెళ్లి ఎంత తట్టినా తలుపు తీయలేదు. పగలగొట్టి చూశాం. జ్వరంతో పోయిందనీ, పోయి రెండు రోజులైందనీ డాక్టరు చెప్పాడు. పక్కింటాయన మంచివాడే, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఈ ఇంట్ల ఒక ముసలామె ఉంటదనే మాకు తెల్వదమ్మా" అన్నాడు. ఆ మాటకు వచ్చిన దుఃఖం నాలో ఇంకా తీరలేదు.

ఇప్పుడు పొద్దెక్కినా పక్కింటి తలుపు తెరుచుకోకపోతే వెళ్లి తడతాను. ఆ మరాఠీ అమ్మాయి నిద్రకళ్లతో "కాయ్ ఝాలం, కాకూ?" అని, ఏమైందంటూ విసుక్కుంటుంది. ఏం లేదంటాను. ఆ విసుగు చెవిన పడ్డాకే నాకు టీ గొంతు దిగుతుంది.