నా కొడుకు భుజం మీది మచ్చ

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వు వచ్చేది. ఇప్పటికీ వస్తుంది. ముత్తుకూరు దగ్గర రొయ్యల కంపెనీలో ఏళ్ల తరబడి బల్ల ముందు నిలబడి పనిచేసిన మనిషిని నేను. రొయ్య చేతిలోకి వస్తే చాలు, మంచిదో చెడిందో చెప్పేస్తాను. కంటితో చూసి, చేత్తో పట్టుకుని తేల్చుకునే పని అది. అందుకే ఎవరేం చెప్పినా రుజువు అడుగుతాను.

ఇప్పుడు చెప్పబోయేదానికి రుజువు ఉంది. నా కొడుకు ఎడమ భుజం మీద ఉంది. అది అక్కడికి ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలియదు.

వాడు నెలలు నిండకుండా పుట్టాడు. నెల్లూరు ఆసుపత్రిలో కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది. బరువు బాగా తక్కువ కాబట్టి పుట్టగానే వేయాల్సిన బీసీజీ టీకా వేయలేదు, కాస్త ఒళ్లు చేయగానే మీ ఊళ్లో వేయించండి, ఆలస్యం చేయొద్దు అని.

బీసీజీ అంటే క్షయ నుంచి పసిబిడ్డలను కాపాడే టీకా. మా అత్త నా పెళ్లికి ముందే క్షయతో పోయింది. మా మామకు ఎప్పుడూ దగ్గే. బీడీల దగ్గు అనుకునేవాళ్లం. ఆ ఇంట్లో పిట్టంత బిడ్డను పెట్టుకుని నాకు ఒకటే బెంగ. ఆ టీకా పడితే చాలు, మిగతావి నేను చూసుకుంటాను అనుకున్నాను.

మాలో నెల తిరిగేదాకా బాలింత గడప దాటదు. సముద్రపు గాలి తగలకూడదని చెవుల్లో దూది, తలకు గుడ్డ. మా అమ్మ లేదు. పురుడంతా మా ఆడబిడ్డ సుశీల చేసింది. మా ఆయనకు అక్క, నాకు వదిన. గోడ అవతలే ఆమె ఇల్లు. బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయడం, సాంబ్రాణి వేయడం, ఏడిస్తే ఎత్తుకుని తిరగడం అన్నీ ఆమే. అమ్మ ఉన్నా ఇంతకంటే ఏం చేస్తుంది అని ఆమె ముందే అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకునే దారి ఉంటే బాగుండు అనిపిస్తుంది ఇప్పుడు.

వదినకు తొలిచూలు బిడ్డ పోయింది. పుట్టుకతోనే గుండె జబ్బు. కానీ పోయింది టీకా వేయించిన మర్నాడు. జబ్బువల్లే పోయిందని, టీకావల్ల కాదని డాక్టర్లు చెప్పారు. ఆమె ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాం.

మా ఊళ్లో టీకాలు బుధవారం వేస్తారు. వాడు కాస్త బరువెక్కాక ఒక బుధవారం వదినే వాణ్ణి పాత చీరలో చుట్టుకుని తీసుకెళ్లింది. నేను ఇంకా గడప లోపలే. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, "భుజానికి వేసినారు. ఈపూట తడపొద్దంట" అంది. వాడు గుక్కపెట్టి ఏడ్చినట్టున్నాడు, మొహమంతా కందిపోయింది. పాలు పట్టాను. ప్రసవం అయ్యాక నేను కంటినిండా నిద్రపోయింది ఆ రోజే.

నెల దాటాక భుజం మీద చిన్న పొక్కు లేచింది. చీము పట్టి, చితికి, మెల్లగా మానింది. పుండు పడితే బీసీజీ పట్టినట్టే అని మా దగ్గర అందరూ అంటారు. సంబరపడి వచ్చినవాళ్లకల్లా చూపించాను. వదినకూ చూపించాను. ఆమె అలా చూస్తూ ఉండిపోయింది. మర్నాటి నుంచి నడుం నొప్పి అని చెప్పి బిడ్డకు నీళ్లు పోయడం మానేసింది. నొప్పే కాబోలు అనుకుని నేనే ఆమె నడుముకు మందు రాశాను.

తర్వాత నేను కంపెనీలో చేరిపోయాను. మా ఆయన థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు, ఏ పూట ఇంట్లో ఉంటాడో ఆయనకే తెలియదు. మిగతా టీకాలు కూడా వదినే వేయిస్తానంది. టీకాల కార్డు కూడా ఆమె దగ్గరే ఉండేది. ఆ బుధవారాల్లో నేను ఇంటికి వచ్చేసరికి వాడి తొడ మీద దూది, దాని మీద ప్లాస్టరు ఉండేవి. జ్వరం వస్తుందేమోనని చుక్కల మందు పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక్కసారీ రాలేదు. నా కొడుకు గట్టిపిండమని కంపెనీలో గొప్పలు చెప్పుకున్నాను.

అంతలో మామకు దగ్గుతో పాటు రక్తం పడింది. పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడని మా ఊరి నర్సమ్మ పొద్దున్నే వచ్చింది. వదిన కూడా వచ్చి వసారాలో కూర్చుంది.

"పిల్లోడికి టీకాలన్నీ బిట్రగుంటలోనే వేయిస్తా ఉండారా అమ్మా?" అని నర్సమ్మ నన్ను అడిగింది.

బిట్రగుంట మా పుట్టిల్లు. బిడ్డ పుట్టాక నేను ఆ వైపే వెళ్లలేదు. ఇక్కడే, మీ దగ్గరే కదా అన్నాను.

"నా దగ్గరికి ఈ బిడ్డను ఎప్పుడూ తీసుకరాలా. నేనే ఇంటికొచ్చి అడిగితే, వాళ్లమ్మ పుట్టింట్లో వేయిస్తా ఉండాదని ఈమే చెప్పింది" అని వదినను చూపించింది.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వాడి చొక్కా పైకి లాగి భుజం చూపించాను. నర్సమ్మ వేలితో తడిమి, వెలుతురులోకి తిప్పి చూసింది. "ఇది బీసీజీ మచ్చే. ఎవరు వేసినారు?"

"నేను ఏ సూదీ వేయించలా విమలా" అంది వదిన. "నా బిడ్డ పోయినట్టు వీడూ పోతాడని భయపడినా. ఒక్కదానికీ తీసుకపోలా."

మరి ఆ దూది? తనే అంటించింది. ఆ ప్లాస్టరూ తనే కొనుక్కొచ్చింది. రాని జ్వరం కోసం నేను పడిగాపులు కాస్తుంటే గోడ అవతల పడుకుని నా అలికిడి కూడా వింటూ ఉండి ఉంటుంది. ఏ శత్రువో చేసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. నా బిడ్డకు లాల పోసిన చేతులవి.

తొలి బుధవారం ఏం జరిగిందో నర్సమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. టీకాలు వేసే చోటు దాటిపోయి, ఊరి చివర తుఫాను షెల్టరు వరండాలో కూర్చుందట. పట్టపగలు. తుఫాను లేనప్పుడు అటు ఎవరూ వెళ్లరు.

"వీణ్ణి ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకున్నా. కునుకు పట్టేసింది. వీడు ఏడుస్తా ఉంటే లేచినా. చుట్టిన చీర విప్పి ఉండాది. చొక్కా చెయ్యి పైకి మడిచి ఉండాది. నేను మడవలా. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. పుండు పడినప్పటి నుంచి వాణ్ణి ముట్టుకోవాలంటే నాకు వణుకు. అయినా నీకు తెలియకూడదని దూది అంటిస్తా వచ్చినా."

ఆ మాటలు నమ్మాలని ఎవరినీ అడగను. నేను చేయగలిగిన వాకబు చేశాను. నెల్లూరు ఆసుపత్రికి వెళ్లి అడిగితే, ఉన్నన్నాళ్లూ బీసీజీ వేయలేదనే చెప్పారు. ఆ బుధవారం ఊళ్లో టీకా పెట్టె ఉన్నది నర్సమ్మ ఒక్కదాని దగ్గరే, బయటి నుంచి ఎవరూ రాలేదు. మచ్చ చూసిన డాక్టరు, ఎవరో వేసే ఉంటారు, మీరే మరిచిపోయి ఉంటారు అని తేల్చేశాడు. మచ్చ ఉంది కాబట్టి మళ్లీ వేయనక్కర్లేదన్నాడు.

వదిన అబద్ధం చెబుతోందా? నిజంగా వేయించి ఉంటే, వేయించానని ఒక్క మాట అంటే ఆ రోజు సగం నింద తప్పేది. అనలేదు. నా బిడ్డకు ఆ వరండాలో ఏదో జరిగిందనడానికి ఉన్న సాక్షి ఆమె ఒక్కతే. కూరలో ఉప్పు సరిపోయిందని ఆమె చెప్పినా ఇప్పుడు నేను నాలుక మీద వేసుకుని చూస్తాను.

"అమ్మే వచ్చిందేమో" అని ఒకసారి మెల్లగా అంది. మా అత్త గురించి. నాకు ఒళ్లు మండింది. వలలు అల్లే సూది తప్ప ఇంకో సూది ఎరగని మనిషి మా అత్త. పోయినావిణ్ణి అడ్డం పెట్టుకుని తప్పించుకోవద్దు వదినా అన్నాను.

మిగతా టీకాలకు నేనే సెలవు పెట్టి తీసుకెళ్లాను. మొదటి దానికే వాడికి జ్వరం కాచింది. ఒళ్లు కాలిపోతున్న బిడ్డను గుండెకు అదుముకుని, ఒకపక్క ఏడుస్తూనే, ఈసారి నిజంగా వేశారు అనుకున్నాను. క్షయ రాకుండా నెలల తరబడి మాత్రలు కూడా వేశాం. మామ కోలుకున్నాడు. మావాడికి ఏమీ రాలేదు. ఇప్పుడు వసారా అంతా పరుగులు పెడుతున్నాడు.

మొన్న వదిన చేపల పులుసు గిన్నె తెచ్చి గడప బయటే నిలబడింది. వాడు ఆమె దగ్గరికి వెళ్లబోతే నేను ఎత్తుకున్నాను.

"వాడికి మేలే జరిగింది గదా విమలా. ఇంకా నా మీద కోపమేనా?" అంది.

"జరిగింది వదినా. నువ్వు నిద్రపోయినావు కాబట్టి జరిగింది" అన్నాను.

ఆమె గిన్నె గడప పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఆ కునుకులో ఎవరు వచ్చారో, అసలు వచ్చారో లేదో నాకు ఇవాళ్టికీ అంతుపట్టలేదు. వచ్చి ఉంటే, మొహం కూడా తెలియని ఆ మనిషి చేతికి నా కొడుకును మళ్లీ ఇవ్వగలను. గోడ అవతలి మనిషి చేతికి ఇవ్వలేను.