దవడ కింద కట్టిన బిళ్ళ

ఫోన్ పక్కన పెట్టి రాయి బంగారం. నేను గబగబా చెప్తాను గానీ, నువ్వు అక్షరాలు మింగకు.

నా ఎడమ దవడ కింద గట్టిగా ఓ బిళ్ళ తేలింది. నొప్పి లేదు. అదే నా భయం. మా అక్కకి రొమ్ములో అలాగే నొప్పి లేని గడ్డతోనే మొదలైంది, మనిషి దక్కలేదు. మీ అమ్మకు చెబితే పరీక్షలంటుంది, పరీక్షల్లో ఆ జబ్బు పేరే బయటపడుతుందని నోరు మూసుకున్నాను. చిన్నప్పుడు మాకు బిళ్ళలు కడితే మా అమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టు వేసేది. నేనూ అదే వేసుకుని, పైన కొంగు కప్పుకుని రెండు నెలలు తిరిగాను. బిళ్ళ తగ్గలేదు, చర్మం మాత్రం కాలింది. నోరు ఎండిపోయి మజ్జిగ లేకుండా ముద్ద దిగేది కాదు. అదీ దాచాను.

నన్ను పట్టించింది నువ్వే. కాలేజీకి పోతూ బుగ్గ మీద ముద్దు పెట్టబోయి ఆగిపోయావు.

"అమ్మా, జెర ఇటు రా! నానమ్మ గోడకేసినట్టు మెడకు సున్నమేసుకుంది!"

మీ అమ్మ తడిగుడ్డతో ఆ పట్టు తుడిచి తడిమింది. బిళ్ళ దగ్గర వేలు ఆగిపోయింది.

"ఎన్ని రోజులాయె అత్తమ్మా?"

"మొన్ననే షురూ అయింది."

"మొన్న షురూ అయింది గింత పెరుగుతదా? అబద్ధం సుత సక్కగ ఆడరాదు నీకు."

సీతాఫల్‌మండిలో డాక్టరమ్మ ఆ బిళ్ళలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఆ వారమంతా మీ అమ్మ నాతో ఒక్కసారి కూడా పోట్లాడలేదు. ఆ మర్యాద చూసి నాకు ఇంకా దడ పుట్టింది.

రిపోర్టు రాగానే డాక్టరమ్మ ముందు "క్యాన్సర్ కాదమ్మా" అంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"ఇది లాలాజలం ఊరే గ్రంథి. ఒంటిని కాపాడే కణాలే పొరబడి దీని మీద పడ్డయి. అందుకే వాపు. వాపు తొందరగ తగ్గితే అవి ఎల్లిపోతయి. నీ లెక్క బయటికి తెల్వకుండ ఏండ్లకేండ్లు లోపలనే ఉంటే, ఆ వాపే ఇంకిన్ని కణాలను పిలుస్తది. అన్నీ గుంపులు కట్టి అక్కడనే ఉండిపోతయి. మనకు మెడల పుట్టుకతోని బిళ్ళలుంటయి కదా, అసొంటిదే లేని చోట కొత్తగ తయారైతది."

"అంటే కాపలాకొచ్చినోళ్ళు ఇల్లు కట్టుకున్నరా తల్లీ?"

"కట్టుకున్నరు. మందులిచ్చి సల్లబరుస్తం. కని ఎప్పుడో ఒకసారి అందులనే చెడ్డగడ్డ పుట్టొచ్చు. మానకుండ వచ్చి చూపించుకోవాలె. సున్నం మాత్రం బంద్."

ఆటో ఎక్కాక మీ అమ్మ నా చెయ్యి వదల్లేదు.

"ఇంకేమన్న దాచినవా అత్తమ్మా? ఇప్పుడే చెప్పు, తిట్టనులే."

"కండ్లల్ల ఇసుక పడ్డట్టు అయితది."

"ఊఁ."

"పొద్దుగాల వేళ్ళు ముడుచుకోవు."

"ఊఁ."

"నిన్న నువ్విచ్చిన చపాతీ మింగుడు పడక పిల్లికేసిన."

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మెట్టుగూడలో మన సందు దాటిపోయినా ఇద్దరం చూసుకోలేదు. నేనింకా ఒక్కొక్కటే చెబుతూనే ఉన్నాను.