కాఫీ అత్త ఎప్పుడు తినేది

కాఫీ అత్త పోయింది. ఆఫీసుకు వెళ్తూ లోకల్ రైలు ఎస్-బాన్‌లో నిలబడి ఉండగా ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. రెండు మాటలు చెప్పి పెట్టేసింది. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా దిగలేదు. ఆఖరి స్టేషన్ దాకా పోయి, అక్కడ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ ఏమైందని అడగలేదు. ఈ ఊళ్లో అడగరు.

మధ్యాహ్నానికి హాంబర్గ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. "అన్నపూర్ణ తల్లి" అన్నారు. "అందరికీ పెట్టి తాను చివర్న తినేది" అని ఒకరు రాస్తే చాలామంది దానికి దండాలు పెట్టారు. సాయంత్రమయ్యేసరికి "మరి కొట్టు ఉంటుందా, మూసేస్తారా?" అని కూడా మొదలుపెట్టారు. అప్పటికి ఆమె శరీరం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

కొట్టు సంగతి అడిగినందుకు నాకు బాధ లేదు. తినేవాళ్లు తిండి సంగతే అడుగుతారు. కానీ ఆ "చివర్న తినేది" అన్న మాట మీద మాత్రం నాకు ఒళ్లు మంట. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. మలేషియాలో కాఫీ కొట్టు అంటే కాఫీ ఒక్కటే అమ్మే చోటు కాదు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం కబుర్లు అన్నీ అక్కడే. అత్త సరిగ్గా అలాంటి కొట్టునే హాంబర్గ్‌లో, రేవుకు పోయే రోడ్డు మీద నడిపింది. గుండ్రటి రాతి బల్లలు, చెక్క కుర్చీలు, ఈ చలిదేశంలో ఎందుకో ఎవరికీ అర్థంకాని ఒక సీలింగు ఫ్యాను. శనివారం వచ్చిందంటే మన సాఫ్ట్‌వేరు వాళ్లు, మాస్టర్స్ చదివే పిల్లలు, రేవులో పనిచేసే మలేషియా వాళ్లు, చుట్టుపక్కల జర్మన్ ముసలివాళ్లు తలుపు బయట దాకా నిలబడేవారు.

నేను మొదటిసారి ఆ కొట్టులోకి దూరింది ఆకలితో, తడిసిన బట్టలతో. వరంగల్ నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్త. ఇంటి చిరునామా నమోదు చేయించుకునే ఆన్‌మెల్డుంగ్ కోసం వెళ్తే, ఏదో కాగితం తక్కువైందని వెనక్కి పంపేశారు. ఫోన్‌లో మా అమ్మకు ఆ గోడు చెప్పుకుంటూ, మూలన ఒక ఖాళీ బల్ల చూసుకుని కూర్చోబోయాను. వంటగదిలోంచి ఒక గొంతు వినపడింది.

"ఒలే గుంటా! ఒక్కదానివే బల్లంతా పట్టుకుంటే అన్నం సయిస్తాదేటి? అటు కూకో లా, ఆ తాత దగ్గిర."

నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి అటు తిరిగాను. శ్రీకాకుళం యాస, చివర్న మలేషియా వాళ్లు ప్రతి మాటకూ తగిలించే ఆ "లా". జర్మన్ తాత తన పేపరు పక్కకు జరిపి నాకు చోటిచ్చాడు. ఆయనకు అలవాటే. ఆ కొట్టులో ఒంటరిగా తినడం కుదరదు. ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో అత్తే తేల్చేది. మాటలు రాకపోయినా ఫరవాలేదు, ఎదుట ఒక మొహం ఉండాలి.

ఆమె ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కి పోయినవాళ్లు. ఆమె అక్కడే ఒక తోటలో పుట్టింది. ఓడలో పనిచేసే భర్త వెంట హాంబర్గ్ వచ్చింది, ఆయన పోయాక కొట్టు పెట్టింది. శ్రీకాకుళం కంటితో చూసిన మనిషి కాదు.

"మీ వరంగల్లూ మా సికాకులమూ పక్కపక్కనేనేటి?" అని ఒకసారి అడిగింది.

"లేదత్తా. రాత్రంతా రైలెక్కి పోవాలె."

"రైలుందిగా మరి. ఓడైతే కాదుగా" అని నవ్వేసింది.

ఆంటీ అని పిలిస్తే పలికేది కాదు. అత్త అనాలి. కాబట్టి అందరికీ అత్తే, చివరికి జర్మన్ తాతకు కూడా.

ఏం పెట్టేదని అడుగుతారు. కొబ్బరిపాలలో ఉడికించిన అన్నం, పక్కన నూనె తేలే ఎర్రటి మిరపకాయ సంబల్, వేయించిన నెత్తళ్లు, పల్లీలు, సగం కోసిన గుడ్డు. దాన్ని నాసి లెమాక్ అంటారు. శనివారం నీసు ముట్టనివాళ్లకు నెత్తళ్లు లేని సంబల్ వేరే గిన్నెలో, వేరే గరిటెతో. కాల్చిన రొట్టె మీద వెన్న, కొబ్బరిపాలూ గుడ్లూ చక్కెరా సన్నటి సెగ మీద కలియబెట్టి చేసిన కాయా. గుడ్డ సంచిలో వడకట్టి, ఎత్తు నుంచి పోసి, అడుగున డబ్బాపాలతో ఇచ్చే చిక్కటి కాఫీ. నేను ఆ కాఫీ తాగి ఎన్ని చలికాలాలు గట్టెక్కానో నాకే తెలుసు.

ఇంత వండిన మనిషి వండేటప్పుడు ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకునేది కాదు. వండుతూ రుచి చూస్తే ఎంగిలి. తోటలో వాళ్లమ్మ నేర్పిన పద్ధతి. "వొండినోలు నాలిక పెడితే దేవుడికేటి పెడతాం, మనిసికేటి పెడతాం?" అనేది. సంబల్ దించాక ఎదురుగా ఉన్న ఎవరో ఒకరిని పిలిచి, అరచేతిలో చుక్క వేసి, "ఉప్పు సూడు" అనేది. కొన్నాళ్లకు శనివారాలు ఆ పని నాదైపోయింది. నేను నాలుకకు రాసుకుంటుంటే ఆమె నా మొహం చూసేది. నేను నోరు తెరవకముందే ఉప్పు డబ్బా అందుకునేది.

"మీరు తిన్నరా అత్తా?" అని మేం అడగకపోలేదు. రోజూ అడిగేవాళ్లం.

"నాను తరవాత తింతాను. మీరు తినీయండి."

అది విని తృప్తిగా కంచంలోకి తలవంచేవాళ్లం. మా ఇళ్లలో మా అమ్మలూ అదే మాట అనేవారు. ఆ జవాబు విన్నాక మరో ప్రశ్న వేయాలని మాలో ఎవరికీ తోచదు. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న జవాబు కదా.

పోయిన ఏడాది ఆమె చిక్కడం మొదలైంది. జాకెట్టు భుజాల మీంచి జారుతుండేది. "సన్నబడ్డారత్తా, బాగున్నారు! ఏం డైట్ చేస్తున్నారు?" అని ఒకావిడ నిజంగానే అడిగింది. "పని లా, పని" అంది అత్త. మేమంతా నవ్వాం. మంచినీళ్లు తాగుతూ దగ్గేది. గల్లాపెట్టె పక్కన రొట్టెముక్కను కాఫీలో నానబెట్టి, కరిగిపోయేదాకా చెంచాతో తిప్పుతుండేది. తర్వాత రొట్టె కూడా పోయి, ఉట్టి కాఫీయే మిగిలింది. డాక్టరుకు చూపించుకోమంటే "టెర్మిన్ దొరకలేదు" అనేది. ఈ దేశంలో ఆ మాటకు తిరుగులేదు. స్పెషలిస్టు అపాయింట్‌మెంటు ఎవరికి దొరికింది కనుక ఆమెకు దొరకడానికి?

ఒక మధ్యాహ్నం కాఫీ పోస్తూ పోస్తూ కూలిపోయింది. అంబులెన్సులో నేనే వెంట వెళ్లాను. కూతురు కిటాలో, అంటే పసిపిల్లల బడిలో, టీచరు, అక్కడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. పరీక్షలు చేశారు. అన్నవాహికలో గడ్డ, దాదాపు మూసుకుపోయింది, బయటికి పాకింది కూడా. చిన్న వయసు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, మెల్లగా జర్మన్‌లో అడిగింది. ఆమెకు మింగడం ఎప్పటి నుంచి కష్టంగా ఉంది?

కూతురికి తెలియదు. ఆ అమ్మాయి వేరే ఉంటుంది, ఆదివారాలు కొట్టుకు వస్తుంది.

పోనీ, ఆమె భోజనం చేస్తుండగా మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?

కూతురు నావైపు తిరిగింది. నేను వెతుక్కున్నాను. గరిటెతో ఉన్న అత్త గుర్తొచ్చింది. బల్ల తుడుస్తున్న అత్త, స్టూడెంట్ పిల్లాణ్ని "నీసు మానీసి ఏటి సాదిస్తావురా" అని ఏడిపిస్తున్న అత్త, అందరూ గుర్తొచ్చారు. కంచం ముందు కూర్చున్న అత్త మాత్రం లేదు. ఒక్కసారి కూడా లేదు. అంతమందికి అన్నం పెట్టిన మనిషి ఆకలితో ఎండిపోతుంటే, ఆ అన్నం తింటున్నవాళ్లకే కనపడలేదు. డాక్టరమ్మ తన కంప్యూటర్లో ఏదో కొట్టుకుంది. ఏం రాసుకుందో నేను అడగలేదు.

ఆపరేషన్‌కు వేళ మించిపోయింది. పొట్టకు గొట్టం పెట్టి, సంచిలోంచి పాలలాంటి ద్రవం పంపేవారు. కూతురు సెలవు పెట్టి కొట్టు తెరిచి ఉంచింది, తల్లి ఆజ్ఞ. రోజూ వండినది డబ్బాలో ఆసుపత్రికి తెచ్చేది. అత్త తినలేదు కదా, నన్ను తినమనేది. మంచం పక్కన కూర్చుని నేను సంబల్ నోట్లో పెట్టుకుంటే, దిండుకు ఆనుకుని నా మొహం చూసేది.

"బాగుందత్తా" అన్నాను.

"అబద్ధం. ఉప్పు సాలనేదు. నీ మొకం సెప్తన్నాది."

నిజంగానే చాలలేదు.

ఒకరోజు కూతురు ఇక ఆపుకోలేకపోయింది. "అమ్మా, వరూమ్? నాకు ఎందుకు చెప్పలేదు?" అని జర్మనూ తెలుగూ కలిపి అరిచింది.

"సెప్తే కొట్టు మూసీమందువు. మూసీస్తే ఈలంతా ఎక్కడ తింతారు?" అంటూ అత్త నావైపు చెయ్యి చూపించింది.

నాకు కోపం ఆగలేదు. "మాకు ఇండ్లల్ల స్టవ్వులు లేవా అత్తా? మేమేమన్నా దిక్కులేనోళ్లమా?"

"స్టవ్వుంటే సరిపోద్దేటి?" అంది. తను చేసినది తప్పని ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు. వాళ్లమ్మా ఇలాగే బతికిందట, అమ్మమ్మా ఇలాగేనట. వాళ్లు ఎలా పోయారని నేను అడగబోయి మానేశాను.

చివరి వారంలో మాట తగ్గిపోయింది. సంచిలోంచి ద్రవం దిగుతుంటే దానివైపు చూస్తూ నాతో అన్న మాట ఒకటుంది. "కడుపు నిండిపోతన్నాదే. నోటికి ఆకలి పోదు." ఆ తర్వాత నేను ఇంటికి పోయి అన్నం కలుపుకుని, తినలేక పారేశాను. ఇప్పటికీ కొన్నిరోజులు అంతే.

దహనమయ్యాక అస్థికల కలశాన్ని ఇక్కడి చట్టం ప్రకారం శ్మశానంలోనే పాతిపెట్టారు. గాలి, సన్నటి వాన. అక్కడి నుంచి అందరం కొట్టుకు వచ్చాం. కూతురు తెల్లవారుజామునే లేచి వండి పెట్టింది. జర్మన్లు, ఎవరైనా మొదలుపెడితే తిందామని, బల్లల దగ్గర నిలబడ్డారు. మనవాళ్లు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మైల కదా, ఇంటికి పోయి స్నానం చేసేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదని కొందరు గుసగుసలాడుకున్నారు. వంటకాలు పొగలు కక్కుతున్నాయి, చెయ్యి వేసేవాళ్లు లేరు.

అప్పుడు మా తెలుగు సంఘం పెద్దాయన గొంతు సవరించుకున్నారు. మంచి మనిషే, మనసులో ఏ కల్మషమూ లేదు. "అందరి కడుపూ నింపి, తన కడుపు చూసుకోని తల్లి. ఇలాంటి ఆడవాళ్లు ఇప్పుడెక్కడున్నారండీ" అన్నారు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

కూతురు వంటగది గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. లోపలికి పోయి పెద్ద పళ్లెం తెచ్చి, అన్నం పెట్టుకుంది. సంబల్, గుడ్డు, పల్లీలు వేసుకుంది. ఎవరో పెద్దావిడ మెల్లగా అంది, "అమ్మా, ముందు పెద్దవాళ్లకు పెట్టమ్మా, నువ్వు తర్వాత తిందువుగాని."

"నైన్" అని జర్మన్‌లో కాదంది ఆ అమ్మాయి. ఆపైన తెలుగు మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ చెప్పింది. "అమ్మ తినలేదు. మీరు ఎవరూ చూడలేదు. నేను కూడా చూడలేదు. ఇప్పుడు చూడండి."

నడిమధ్య బల్ల దగ్గర కూర్చుంది. చేత్తో కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. తొందరపడలేదు, తల ఎత్తలేదు. పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. జర్మన్ తాత టోపీ తీసి పట్టుకున్నాడు. ముద్ద తర్వాత ముద్ద ఆ అమ్మాయి నమిలి మింగుతుంటే, మేమంతా ఆమె గొంతు వైపే చూస్తూ నిలబడ్డాం.