ఆదివారం ఆరేసిన చీర

అరవైల్లో మాట. మాది చీరాల, నేత కుటుంబం. నర్సు శిక్షణకు జర్మనీ వెళ్లిన కొత్తలో మూడు నెలలు భాష నేర్పే శిబిరంలో ఉన్నాను. ఒక ఆదివారం నాన్న నేసిన చీర ఉతికి, గంజి లేక బంగాళాదుంపలు ఉడికిన నీళ్లలో ముంచి, రెండు ఆపిల్ చెట్ల మధ్య ఆరేశాను.

శిబిరం వార్డెన్ కోపంతో ఊగిపోతూ వచ్చింది. "ఇక్కడ ఆదివారం విశ్రాంతి రోజు, ఎవరూ బట్టలారేయరు. తియ్యి! లేదంటే ఇంటికి పంపించేస్తాను."

ఆదివారం ఎండకు కూడా సెలవా ఏమిటి!

నాతోపాటు వచ్చిన మార్టూరు అమ్మాయి నా చెయ్యి లాగింది. "తీసెయ్యవే, నిజంగానే పంపించేస్తారే!"

గంజి పెట్టిన బట్టను తడిగా మడిస్తే మా నాన్న ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. చీర అంచు పట్టుకుని నిలబడ్డాను. "ఇది మా నాన్న నేసిన చీర. ఆరాకే తీస్తాను" అన్నాను జర్మన్‌లో. ఎవరి సాయమూ లేకుండా నేను ఆ భాషలో మాట్లాడింది అదే మొదలు.

ఆమె గడియారం చూస్తూ, నేను చీర చూస్తూ గంటన్నర నిలబడ్డాం.

సాయంత్రం ఆ చీరే కట్టుకుని భోజనానికి వెళ్లాను. అందరి ముందూ క్షమాపణ చెబితే ఉండనిస్తానంది వార్డెన్. ఆదివారం ఉతికినందుకు చెప్పాను. తడిచీర తియ్యనందుకు మాత్రం ఈ రోజుకీ చెప్పలేదు.