డబుల్ ప్రమోషన్‌కు నేను రాసిన జవాబు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను కడపలో కాలువ పనుల ఓవర్సీరును. మా అమ్మాయి సెకండ్ ఫారం ముగించిన ఏప్రిల్‌లో హెడ్మాస్టరు నన్ను పిలిపించి, ఆమెను థర్డ్ ఫారంలో కూర్చోబెట్టకుండా నేరుగా ఫోర్త్ ఫారంలోకి పంపుతామన్నారు. తండ్రి సమ్మతి ఉత్తరం శనివారంలోగా అందాలి.

ఇంట్లో చెప్పగానే నా భార్య చేతిలోని చేట కింద పెట్టింది.

"పెద్దోడు కూడా ఈ యేడు ఫోర్త్ ఫారమే గదా! అన్నా చెల్లెలు ఒకే క్లాసులో కూచుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"నేను దాని పక్కన కూచోను," అన్నాడు మావాడు.

"నువ్వు యాడ కూచున్నా అయ్యవారు బెంచీ ఎక్కిస్తాడులే," అంది అమ్మాయి.

నేను నవ్వలేదు. వాడు లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు.

నా నిర్ణయం నా ఇష్టంలా కాక పరీక్షా ఫలితంలా కనబడాలనుకున్నాను. సోమవారం, అంతకుముందు కాలువ వెంట నేను తీసిన లెవెళ్ల పుస్తకం, అంటే నేల ఎత్తులు లెక్కకట్టే అంకెలు రాసుకున్నది, ఆమె ముందు పెట్టాను. ఎత్తు తెలిసిన ఒక రాయి దగ్గర మొదలుపెట్టి, అడుగులు గీసిన కర్ర మీద చదివిన అంకెలను కూడుతూ తీసివేస్తూ పోతే, ఎత్తు తెలిసిన ఇంకో రాయి దగ్గర లెక్క సరిపోవాలి. రెండో రాయి ఎత్తు ఆమెకు చెప్పలేదు. ఆ లెక్క అప్పటికి నేనూ చేసి చూడలేదు.

గంటలోపు తెచ్చిచ్చింది. చివరి ఎత్తు, రాయి మీద చెక్కినదానికన్నా సరిగ్గా ఒక అడుగు ఎక్కువ.

"తప్పు," అన్నాను.

"మూడుసార్లు చేసినా నాయనా. అట్లే వస్తాండాది."

"మూడుసార్లూ తప్పే చేసినావు."

"నువ్వు రాసుకున్న అంకెలో ఉండాదేమో?"

మావాడు పకపకా నవ్వాడు. "నాయనకే లెక్క చెప్తాంది చూడమ్మా!"

ఆమె చేసిన కూడికల్లో ఒక్క వరుస కూడా నేను సరిచూడలేదు. తేడా సరిగ్గా అడుగు వచ్చిందంటే ముందు అనుమానించవలసింది కర్ర చదివిన కంటిని. లెవెళ్లు తీసే దుర్బిణిలో కర్ర తలకిందులుగా కనబడుతుంది గనుక, ఒక అడుగు అంకెకు బదులు దాని పక్క అంకె చదవడం మా పనిలో మామూలు పొరపాటు. కొత్తగా చేరినవాళ్లకు ఆ సంగతి నేర్పేది నేనే. ఆ సాయంత్రం, "మరొక సంవత్సరం ఆగడం మంచిదని నా అభిప్రాయం" అని రాసి, మర్నాడు ఆ ఉత్తరాన్ని ఆమె చేతికే ఇచ్చి పంపాను.

గురువారం అదే చోట మళ్లీ కర్ర నిలబెట్టించి చూశాను. పదకొండో అంకె నేను తప్పు చదివాను. ఆమె లెక్కలో ఏ తప్పూ లేదు. పుస్తకంలో ఎర్రసిరాతో దిద్ది, పక్కన పొట్టి సంతకం చేశాను. గడువు ఇంకా రెండు రోజులుంది. మా ఆఫీసు నుంచి స్కూలు పది నిమిషాల నడక.

నేను వెళ్లలేదు. తీరిక లేదని చెప్పుకోవడానికి లేదు. శుక్రవారం మధ్యాహ్నమంతా బల్ల ముందు కూర్చుని పెన్సిళ్లు చెక్కాను. కూతురు తెలివైనదని రుజువైతే కొడుకు మొహం ఎలా చూడాలన్నదే అప్పుడు నాకున్న బాధ. కూతురి మొహం గురించి ఆలోచించలేదు.

ఆదివారం ఆమె కాగితం పట్టుకుని వచ్చింది.

"నాయనా, యాడ తప్పిందో చూపిస్తావా? ఈసారి తప్పు పోకుండా చేస్తా."

"తర్వాత చూద్దాంలే పాపా."

ఆ నెలలోనే ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే మాట చెప్పాను. థర్డ్ ఫారంలో చేరాక లెక్కల నోట్సు నాకు చూపించడం మానేసింది.