ఒక్క గుర్రం ఎక్కువ

కాస్త మనసు గట్టి చేసుకుని చదవండి. ఇప్పుడు చెప్పబోయేది ఘోరం. ఇందులో ఒక కారు, ఒక గుమ్మడికాయ, టై కట్టుకున్న ఒక పెద్దమనిషి, అత్తారింట్లో నా పరువు, వరసగా దెబ్బ తింటాయి. వీటిలో పూర్తిగా కోలుకున్నది కారొక్కటే. గుమ్మడికాయ మీద ఎలాగూ ఎవరికీ ఆశ లేదు.

ముందు మా తోడల్లుడు ప్రకాశరావుగారి గురించి చెప్పాలి. మా ఆవిడ అక్క మొగుడు. టెక్కలిలో ఆయనకి గ్రానైటు పలకలు పాలిష్ పట్టే మిల్లుంది. పలకలెంత నున్నగా ఉంటాయో ఆయన మాటలూ అంతే నున్నగా ఉంటాయి. నేను పలాసలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాని. నా మాటల మీద ఎప్పుడూ కాస్త దుమ్ముంటుంది. ఆయన నన్ను పల్లెత్తు మాట అన్న పాపాన పోలేదు. పైగా "తమ్ముడూ, తిన్నావా?" అని అడుగుతాడు. అదే నా బాధ. మనిషి కొంచెం చెడ్డవాడైతే నా కుళ్ళుకి ఒక న్యాయమైన కారణమైనా దొరికేది. ఏ కారణమూ లేకుండా ఇన్నేళ్ళు కుళ్ళుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఆయనకి చిన్న కారుంది. ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు, సముద్రపు గాలి తగిలే చోట మా అత్తారి ఊరు. మావయ్యగారిని శ్రీకాకుళం ఆస్పత్రిలో చెకప్‌కి తీసుకెళ్ళేది ఆ కారే. అత్తయ్యని పెళ్ళిళ్ళకి తిప్పేది ఆ కారే. మా స్కూటరు వాళ్ళ వాకిట్లో ఆగితే కోళ్ళు కూడా తప్పుకోవు. ఆ కారు మలుపులో కనబడితే చాలు, మావయ్య కండువా సర్దుకుని ముందు సీటు వైపు నడుస్తారు. నాకు కావలసింది ఒక్కటే: ఆ కండువా ఒక్కసారి నాకోసం సర్దుకోవాలి.

అందుకని నేనూ చిన్న కారే కొందామనుకున్నాను. మరీ ఖరీదుది కాదు, మరీ నీరసంది కాదు, మధ్యస్తంగా బలం ఉన్నది. మధ్యస్తం అంటే ఎంత అని మీరడగొచ్చు. ప్రకాశరావుగారి కారు ఎనభై రెండు హార్స్ పవర్. నాకు ఎనభై మూడు చాలు. ఒక్క గుర్రం ఎక్కువ. నాకు అత్యాశ లేదని మీరే ఒప్పుకోవాలి.

కానీ ఈ రోజుల్లో బలమున్న చిన్న కారు అడగడమంటే మందుల కొట్టుకెళ్ళి కారప్పూస అడగడమే. మొదటి షోరూములో కుర్చీ వేసి, టీ ఇచ్చి, జాలిగా చూశారు.

"చిన్నదెందుకు సార్, ఎత్తు బండి తీసుకోండి. రోడ్డు మీద మీరు పైన కనబడతారు."

"నేను కనబడక్కర్లేదండి. బండి కదిలితే చాలు."

"పోనీ ఇది చూడండి. మైలేజీ బాగుంటుంది."

"ఏసీ వేసుకుని, వెనక పిల్లలూ, డిక్కీలో అత్తారిచ్చిన కొబ్బరికాయల మూటా ఉంటే లారీని దాటుతుందా?"

"మైలేజీ మాత్రం సూపర్ సార్."

"లారీని..."

"సిటీలో నడపడానికి దీన్ని మించింది లేదు సార్."

"మాకు సిటీ ఎక్కడుందండీ? పలాస, కాశీబుగ్గ రెండూ కలిపినా సెకండు గేరులో అయిపోతాయి."

రెండో షోరూములో బలం ఉంది, ధర కూడా అంతే బలంగా ఉంది. ఆన్‌రోడ్డు రేటు చెప్పారు. ఆ లెక్కన కారు ఇంట్లో ఉంటుంది, నేను రోడ్డు మీద ఉంటాను.

మూడో షోరూములో దొరికింది. ఎర్రటి బండి. చిన్నదే, కానీ టర్బో ఇంజను, నూరు గుర్రాలు! ధర, లోను తీసుకుంటే నాకు అందేంత. అమ్మకాల బాధ్యత చూసే సింహాచలం అనే ఆయన, నడివయసు మనిషి, ఎండాకాలంలో కూడా టై విప్పని నియమస్తుడు, మెల్లగా చెప్పాడు.

"కంపెనీ ఈ ఇంజను ఆపేస్తోంది సార్. కొత్తవి లేవు. ఈ డెమో బండి ఒక్కటే మిగిలింది. తీసుకుంటానంటే తగ్గించి ఇచ్చేస్తాం."

బుద్ధున్నవాడు అక్కడే అడ్వాన్సు ఇచ్చేవాడు. నేను గుమస్తాని కదా, ఏ కాగితం వచ్చినా ముందు పెండింగులో పెట్టడం నాకు అలవాటు. "ఒకసారి నడిపి, చూసి చెప్తాను" అన్నాను.

పలాస దాటి హైవే ఎక్కాం. పక్క సీట్లో సింహాచలం. ముందు గ్రానైటు బండల లారీ. స్కూటరు మీద ఇన్నేళ్ళు దాని పొగ ప్రసాదంలా స్వీకరించినవాణ్ణి. కాలు కొంచెం నొక్కాను. అంతే, లారీ అద్దంలోకి వెళ్ళిపోయింది! నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. సింహాచలానికీ వచ్చాయి, ఆయనవి భయంతో.

"జంక్షన్ దగ్గర వెనక్కి తిప్పెయ్యండి సార్, అక్కడి వరకే రూటు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. బండి పక్కకాపాను. సెలవులకి పిల్లల్తో పుట్టింటికెళ్ళిన మా ఆవిడ సుజాత.

"ఏవండీ, మమ్మల్ని తీసుకెళ్ళడానికి మీరీ రోజు వస్తానన్నారు కదా, బస్సు దొరికిందా? అక్కా బావా వచ్చారు. బావ నాన్నని కార్లో సముద్రం దాకా తిప్పి తెచ్చాడు. నాన్నెంత సంబరపడ్డారో! ఏసీ చల్లగా ఉందట..."

తర్వాత ఏమన్నదో నాకు వినబడలేదు. చెవుల్లో నూరు గుర్రాలు సకిలిస్తున్నాయి. స్టీరింగు దానంతట అదే ఉద్దానం రోడ్డు వైపు తిరిగింది. ఈ మాట ఇప్పటికీ అంటాను.

"సార్, రూటు అటు కాదండీ!"

"ఐదు నిమిషాలు సింహాచలంగారూ. మా అత్తారింటి ముందు ఒక్క రౌండు. దిగను కూడా దిగను."

"మేనేజరుగారికి తెలిస్తే నన్ను దింపేస్తారండీ!"

జీడితోటల మధ్య నుంచి దూసుకెళ్ళాం. జీడిపళ్ళ వాసన, కొబ్బరాకుల నీడ, పక్క సీట్లో దేవుళ్ళ పేర్లు వరసగా చదువుతున్న సింహాచలం. తీర్థయాత్రలా ఉంది.

అత్తారి వాకిట్లో ఆగి హారను కొట్టాను. మొదట పిల్లలొచ్చారు, తర్వాత అత్తయ్య. నన్ను చూశారు, కారుని చూశారు, రెండు చేతులూ బుగ్గల మీద వేసుకున్నారు.

"ఓలమ్మోలమ్మ! సిన్నల్లుడు కారు కొన్నీసినాడర్రా! ఒక్క మాటైనా సెప్పలేదు సూడు!"

"కాదు అత్తయ్యా, ఇది" అనే దాకా వచ్చాను. నన్ను నమ్మండి. కానీ అప్పుడే ప్రకాశరావుగారు గుమ్మంలోకి వచ్చారు. కారు చూసిన ఆయన ముఖం ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, వాడిపోయింది. ఎన్నేళ్ళుగానో నేను అద్దంలో చూసుకుంటున్న ముఖం అది. మొదటిసారి ఇంకొకరి మీద చూశాను. ఎంత బాగుందో! నోరు దానంతట అదే మూసుకుంది.

మావయ్యగారు కారు చుట్టూ తిరిగి, తలుపు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నారు.

"టెస్ట్... డ్రైవ్... అని రాసున్నాదేటి అల్లుడూ?"

"మోడల్ పేరు మావయ్యా."

"మరి ఈ బాబెవరు? టై కట్టుకున్నాడు?" అన్నారు అత్తయ్య.

"డ్రైవరు అత్తయ్యా."

"డ్రైవరుకి టై ఏటి బాబూ?"

"ఇలాంటి బండికి అలాగే ఉండాలత్తయ్యా, కంపెనీ రూలు."

సింహాచలం నోరు తెరిచాడు. ఆ నోట్లో అత్తయ్య అరిసె పెట్టారు. సుజాత నా పక్కకొచ్చి, నవ్వు ముఖం పెట్టుకునే, పళ్ళ మధ్య నుంచి అడిగింది.

"నాకు చెప్పకుండా కారెప్పుడు కొన్నారు?"

"తర్వాత చెప్తాను."

"తర్వాత మీరు ఉంటే కదా."

ఈలోగా అత్తయ్య పసుపు గిన్నె తెచ్చారు. బానెట్టు మీద స్వస్తిక, అద్దం మీద మూడు బొట్లు, నాలుగు తలుపులకీ అయిదేసి వేళ్ళ ముద్రలు. కొత్త బండికి జరగాల్సిన మర్యాదలన్నీ షోరూము వారి బండికి జరిగిపోతున్నాయి. బొట్టు పడినప్పుడల్లా సింహాచలం "హమ్మా" అంటున్నాడు.

"సూడు, డ్రైవరుకి ఎంత బక్తో!" అని మెచ్చుకున్నారు అత్తయ్య.

గుమ్మడికాయ మూడుసార్లు తిప్పి కొట్టారు. టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. "ఎక్కు బాబూ, తొక్కించు" అన్నారు.

మావయ్యగారు కండువా సర్దుకున్నారు. నాకోసం! "దీన్ని కొంచెం ముందుకి తియ్యి అల్లుడూ, ఎక్కుతాను" అన్నారు. ఆ క్షణంలో దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమన్నా, "తర్వాత రండి" అనేవాణ్ణి.

టర్బో ఇంజనుకి ఒక గుణముంది. ముందు ఏమీ అనదు, తర్వాత మొత్తం ఒకేసారి అంటుంది. మా సుజాత లాగే. నెమ్మదిగా నొక్కాను, కదల్లేదు. నిమ్మకాయలు అడ్డేమో అని గట్టిగా నొక్కాను. నూరు గుర్రాలూ ఒక్కసారిగా లేచాయి. నిమ్మకాయలు నాలుగు దిక్కులకీ ఎగిరాయి. కోళ్ళు, నా జీవితంలో మొదటిసారి, నాకోసం తప్పుకున్నాయి. బండి వెళ్ళి వాకిలి చివర కొబ్బరి పీచు పోగులో ముఖం పెట్టి ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. పీచులోంచి వెనక్కి తీస్తే బండికి బారెడు గడ్డం మొలిచింది. బంపరు మీద జానెడు గీత.

"అయిపోయిందండీ నా ఉద్యోగం!" అని సింహాచలం నేల మీద కూలబడ్డాడు.

"డ్రైవరు ఉద్యోగానికేటి బాబూ, ఇంకో బండి దొరకదేటి?" అని అత్తయ్య ఓదార్చారు.

"ప్రకాశం, అతన్ని నీడకి తీసుకెళ్ళు" అన్నారు మావయ్య. ప్రకాశరావుగారు సింహాచలాన్ని లేవదీసి, జీడిచెట్టు కిందికి తీసుకెళ్ళారు. వాళ్ళ మాటలు నాకు వినబడవు. సింహాచలం చేతులు మాత్రం కనబడుతున్నాయి. ఒక చెయ్యి నన్ను చూపిస్తోంది, రెండో చెయ్యి ఆకాశాన్ని చూపిస్తోంది. ప్రకాశరావుగారు తల ఊపుతున్నారు. బండి చుట్టూ ఒకసారి నడిచి, లోపలికి తొంగి చూసి, మళ్ళీ తల ఊపారు. ఇంక నా పని ఇంతేనని తేలిపోయింది. పీచు ఏరుతున్నట్టు నటిస్తూ కిందకి వంగాను, భూమి దారి ఇస్తుందేమోనని.

ఆయన అందరి ముందుకీ వచ్చారు.

"మావయ్యా, ఇంక దాచడమెందుకులెండి. ఈ బండి తమ్ముడిది కాదు."

నేను పీచు మరింత శ్రద్ధగా ఏరాను.

"నాది. నాకో కొత్త బండి చూసిపెట్టమని ఎప్పుడో అన్నాను. నాలుగు షోరూములు తిరిగి, బేరమాడి, నాకు తెలీకుండా ఇక్కడికి తెచ్చీసినాడు. ముందు అత్తయ్య చేత పూజ చేయించి ఇద్దామని! ఇదిగో, ఈయన షోరూము ఆయన. అడ్వాన్సు ఇప్పుడే ఫోన్లో పంపీసినాను. గీత సంగతి కూడా మాటాడుకున్నాం."

సింహాచలం చెమట తుడుచుకుని, టై సరిచేసుకుని, అందరికీ నమస్కారం పెట్టాడు. అమ్మకం అయ్యాక మనిషికి ఎంత కళొస్తుందో ఆ రోజు చూశాను.

ప్రకాశరావుగారు నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళారు. మెల్లగా అన్నారు, "తమ్ముడూ, నీకీ బండి నచ్చిందని తెలుసు. ఏదో ఒహటి చెప్పి సర్దీడానికి అలగన్నాను. నీకు కావాలంటే చెప్పు, నువ్వే తీసుకో. నా పేరు తీసీమంటాను. నిజంగానే."

చదువరులారా, ఇదీ అసలు ఘోరం. మిగతావన్నీ దీని ముందు పసుపు మరకలు. నూరు గుర్రాలు, నాకు అందే ధర, జిల్లా అంతా వెతికినా ఇక దొరకని బండి, పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాడు. "అవునన్నయ్యా" అంటే చాలు. కానీ అలా అంటే ఆయన నాకంటే ఎంత పెద్దమనిషో నేనే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు కాదూ? మంచితనంలో కూడా ఆయనదే పైచెయ్యా? ఇందులోనైనా ఒక్క గుర్రం నాది ఎక్కువ ఉండొద్దూ?

"అబ్బే, మీకోసమే తెచ్చానన్నయ్యా!" అన్నాను. ఊరంతా వినబడేట్టు.

అంతే. మావయ్యగారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"తోడల్లుడు కారెక్కుతుంటే సూసి సంతోషించీవోణ్ణి నిన్నే సూసినాను బాబూ. కుళ్ళన్నది ఎరగని మనిసివి."

అని, కండువా సర్దుకుని, ఎర్ర బండి ముందు సీట్లో ఎక్కారు. ప్రకాశరావుగారు నడిపారు, సింహాచలం వెనక కూర్చుని ఫీచర్లు వివరించాడు. సుజాత నా పక్కన నిలబడి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలియనివ్వలేదు. దుమ్ము అణిగాక అన్నది, "కుళ్ళెరగని మహానుభావా, ఆఖరి బస్సు పోతుంది. పదండి."

ఆ బస్సులో, కొబ్బరికాయల మూట ఒళ్ళో పెట్టుకుని, నేనొక భీషణ ప్రతిజ్ఞ చేశాను. పంచభూతాలూ, కండక్టరూ సాక్షిగా: ఇక ఈ జన్మలో మరో మనిషిది చూసి నాది కొలవను. ఆ మాట మీద ఈ రోజుకీ నిలబడ్డాను. ప్రకాశరావుగారు టెక్కలిలో కొత్త ఇల్లు కడుతున్నారు. హాలు చాలా పెద్దదట. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాను, ఊరికే, ప్రేమతో. జేబులో టేపు ఉన్న మాట నిజమే. అది వేరే పని మీద.